లెన్స్ చాలనప్పుడు: ఎక్కువ మెగాపిక్సెల్ ఫొటోను క్రాప్ చేసి దూరాన్ని దగ్గర చేసుకోవడం ఎలా

నీటి పక్కన కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. మీ దగ్గరున్నది 400 మి.మీ. లెన్స్. వ్యూఫైండర్‌లో పిట్ట చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఇంకో రెండడుగులు ముందుకేస్తే ఎగిరిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ఇంకా పెద్ద లెన్స్ కొనాల్సిందే అనుకుంటారు, లేదంటే ఆ ఫొటో మీద ఆశ వదిలేసుకుంటారు. మీ కెమెరాలో 45 లేదా 61 మెగాపిక్సెళ్ల సెన్సార్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్; ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు) ఉంటే ఆ రెండూ అక్కర్లేదు. ఫ్రేమ్‌లో సగానికి పైగా కత్తిరించినా, మిగిలిన ముక్క ఒక పూర్తి ఫొటోలా నిలబడుతుంది.

అయితే క్రాప్ చేయడమంటే ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని అని అనుకోవద్దు. అసలు పని షట్టర్ నొక్కకముందే మొదలవుతుంది. కత్తిరించబోతున్నానని ముందే తెలిసి తీసిన ఫొటోకీ, దూరంగా పడింది కదా అని తర్వాత కత్తిరించిన ఫొటోకీ చాలా తేడా ఉంటుంది. మొదట్లో నేను రెండో రకంగానే తీసేదాన్ని. ఒక పొద్దున మంచి వెలుతురులో, 1/320 సెకను షట్టర్ స్పీడ్‌తో, పిట్టను దాదాపు 200 సార్లు తీశాను. కెమెరా వెనక తెర మీద అన్నీ స్ఫుటంగానే కనిపించాయి. కంప్యూటర్‌లో 100 శాతం సైజులో (ఫొటోలోని ఒక్కో పిక్సెల్ తెర మీద ఒక్కో పిక్సెల్‌గా) తెరిచి చూస్తే గొంతు దగ్గరి ఈకల గీతలు ఒక్కొక్కటీ రెండుగా ఉన్నాయి. ఒక్కటి కూడా క్రాప్‌కి పనికిరాలేదు. ఆ రోజు నుంచి వరస మార్చుకున్నాను. అదే వరసలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు: ఎన్ని పిక్సెళ్లు కావాలో తేల్చుకోండి

ఫొటో చివరికి ఎక్కడ చూపించబోతున్నారు? దీనికి జవాబు లేకుండా ఎంత క్రాప్ చేయొచ్చో చెప్పలేం. ఫుల్ హెచ్‌డీ తెరకు 1920×1080, అంటే సుమారు 2 మెగాపిక్సెళ్లు చాలు. 4కే తెర నిండా కనిపించాలంటే 3840×2160, అంటే 8 మెగాపిక్సెళ్ల పైచిలుకు కావాలి. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీయాలన్నా 3508×2480, అంటే దాదాపు అంతే పడుతుంది. 12×18 అంగుళాల ప్రింట్‌కి 300 లెక్కన 19 మెగాపిక్సెళ్లు అవసరం. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసేదైతే 200 లెక్క కూడా చాలు, అప్పుడు 8.6 మెగాపిక్సెళ్లతో పని జరిగిపోతుంది.

ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది, మనలో ఎక్కువమందికి 8 మెగాపిక్సెళ్లు మిగిలితే చాలని. 61లో 8 పోతే మిగతాదంతా మీ చేతిలో ఉన్న అదనపు లెన్సే.

క్రాప్ లెక్క

ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే అంకె, అది పెరిగేకొద్దీ దూరం దగ్గరవుతుంది) ఎన్ని రెట్లు పెరిగినట్టు కనిపించాలో, ఆ అంకెను అదే అంకెతో గుణించండి. మెగాపిక్సెళ్లు అన్ని రెట్లు తగ్గుతాయి. 2 రెట్లు దగ్గరగా కావాలంటే పిక్సెళ్లలో నాలుగో వంతే మిగులుతుంది. 3 రెట్లు కావాలంటే తొమ్మిదో వంతు.

61 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా (సెన్సార్ సుమారు 36×24 మి.మీ. ఉండేది) తీసుకుందాం. సోనీ ఏ7ఆర్ 4, ఏ7ఆర్ 5 ఈ కోవలోవి. కత్తిరించని పూర్తి ఫొటో 9504×6336 పిక్సెళ్లు. 400 మి.మీ. లెన్స్‌తో తీసి 1.5 రెట్లు క్రాప్ చేస్తే 600 మి.మీ.తో తీసినంత దగ్గరగా కనిపిస్తుంది, ఇంకా 26 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 2 రెట్లు చేస్తే 800 మి.మీ. లెక్క, 4752×3168, అంటే 15 మెగాపిక్సెళ్లు. 3 రెట్లు చేస్తే 1200 మి.మీ., దాదాపు 6.7 మెగాపిక్సెళ్లు. నికాన్ డీ850, జడ్8 లాంటి 45.7 మెగాపిక్సెళ్ల కెమెరాలో 2 రెట్ల క్రాప్‌కి 11 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో అదే క్రాప్‌కి 6 మాత్రమే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ ఫోన్ 41 మెగాపిక్సెళ్ల సెన్సార్‌తో వచ్చి, జూమ్ లెన్స్ లేకుండానే సెన్సార్ మధ్య భాగాన్ని వాడుకుని జూమ్ చూపించింది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 ప్రో 48 మెగాపిక్సెళ్ల మధ్యలోంచి 12 తీసుకుని 2 రెట్ల జూమ్ ఇస్తుంది. లైకా క్యూ2లో ఉన్నది కదలని 28 మి.మీ. లెన్స్ ఒక్కటే. అయినా 35, 50, 75 మి.మీ. ఫ్రేములు ఇస్తుంది, అన్నీ 47 మెగాపిక్సెళ్లలోంచి కత్తిరించినవే.

మెగాపిక్సెళ్లు కాదు, పిట్ట మీద ఎన్ని పిక్సెళ్లు పడ్డాయో చూడండి

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. నాకు అన్నిటికంటే ఉపయోగపడిన లెక్క ఇదే.

సెన్సార్ మీద పిట్ట బొమ్మ ఎంత పొడవు పడుతుందో తెలుసుకోవాలంటే, పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగించండి. అన్నీ మిల్లీమీటర్లలో. లకుముకి పిట్ట 16 సెం.మీ. అనుకుందాం, 12 మీటర్ల దూరంలో ఉంది, మన లెన్స్ 400 మి.మీ. అంటే 160 × 400 ÷ 12000. జవాబు 5.3 మి.మీ. ముప్పై ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సార్ మీద పిట్ట బొమ్మ కేవలం 5 మి.మీ.!

ఇప్పుడు ఆ 5.3 మి.మీ.లో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూద్దాం. 61 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అంటే ముక్కు నుంచి తోక దాకా 1,400 పిక్సెళ్లు. 45 మెగాపిక్సెళ్ల సెన్సార్‌లో పిక్సెల్ 4.35 మైక్రాన్లు, పిట్ట మీద 1,200 పడతాయి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు 6 మైక్రాన్లు, అప్పుడు 900లోపే.

మరి ఏపీఎస్-సి సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న 24 మెగాపిక్సెళ్ల కెమెరా? అందులో పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు. పిట్ట మీద 1,360 పడతాయి. అంటే 61 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌కి ఇంచుమించు సమానం! మీ దగ్గర అలాంటి కెమెరా ఉండి, కేవలం దూరం కోసమే 61 మెగాపిక్సెళ్ల బాడీకి మారాలని చూస్తుంటే కాస్త ఆగండి. పిట్ట మీద పడే పిక్సెళ్లు దాదాపు అవే. కొత్తగా దొరికేది చుట్టూ ఎక్కువ జాగా, పిట్ట దగ్గరికి వచ్చినప్పుడు పెద్ద ఫ్రేమ్. అవీ మంచివే, కానీ దూరం కాదు.

నేను పెట్టుకున్న కొలత ఇది. పిట్ట పొడవునా 1,000 పిక్సెళ్లకు పైగా ఉంటే క్రాప్ హాయిగా నిలబడుతుంది. 500 నుంచి 1,000 మధ్య ఉంటే ఫోన్ తెర మీద చూడ్డానికి బాగుంటుంది. 500 కంటే తక్కువైతే నేను కెమెరా దించేసి పిట్టను కళ్లతో చూస్తాను, లేదా దగ్గరికి వెళ్లే దారి వెతుకుతాను. దూరం సగానికి తగ్గితే పిక్సెళ్లు రెట్టింపవుతాయి. ఏ సెన్సారూ ఇవ్వలేనంత లాభం అది. ఓపిగ్గా కూర్చుంటే పిట్టే దగ్గరికి రావచ్చు.

మీ లెన్స్ ఎంత వరకు తట్టుకుంటుందో ఒకసారి పరీక్షించండి

పిక్సెళ్లు ఉన్నంత మాత్రాన వాటిలో వివరం ఉన్నట్టు కాదు. లెన్స్ మెత్తగా ఉంటే, అంటే సన్నటి అంచులను స్పష్టంగా చూపలేకపోతే, 61 మెగాపిక్సెళ్లూ ఆ మెత్తదనాన్నే ఇంకా శ్రద్ధగా రికార్డు చేస్తాయి. చాలా జూమ్ లెన్సులు చివరి ఫోకల్ లెంగ్త్ దగ్గరే బలహీనపడతాయి. మనం క్రాప్ చేసేది మాత్రం ఎప్పుడూ అక్కడే.

ఒక సాయంత్రం గంట సేపు కేటాయించండి. చిన్న అక్షరాలు అచ్చయిన కాగితాన్ని గోడకు అంటించి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, మీరు మామూలుగా ఫొటోలు తీసే దూరం నుంచి తీయండి. ట్రైపాడ్ మీద ఉంది కాబట్టి స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే సదుపాయం) ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. చివరి ఫోకల్ లెంగ్త్ దగ్గర పూర్తిగా తెరిచిన అపెర్చర్‌తో (వెలుతురు వచ్చే రంధ్రం ఇది, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) ఒకటి, తర్వాత ఎఫ్/8, ఎఫ్/11 దాకా ఒక్కో మెట్టు. అన్నిటినీ 100 శాతంలో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ అపెర్చర్ దగ్గర అక్షరాల అంచులు శుభ్రంగా ఉన్నాయో అదే మీ క్రాప్ అపెర్చర్. దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎక్కువ మూసేయడం కూడా మంచిది కాదు. సన్నని రంధ్రంలోంచి వచ్చేటప్పుడు వెలుతురు చెదిరి, ఒక్కో చుక్కా చిన్న పళ్లెంలా వ్యాపిస్తుంది. దీన్ని డిఫ్రాక్షన్ అంటారు. ఎఫ్/5.6 దగ్గర ఆ పళ్లెం వెడల్పు సుమారు 7.5 మైక్రాన్లు, ఎఫ్/11 దగ్గర దాదాపు 15. పిక్సెల్ 3.76 మైక్రాన్లే ఉన్నప్పుడు ఎఫ్/11 దగ్గర ఒక్క చుక్క నాలుగు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుంటుంది. క్రాప్ చేసే ఫొటోకి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉండటం నాకు కలిసొచ్చింది.

ఫొటో తీసేటప్పుడు

అన్నిటికంటే ముందు షట్టర్ స్పీడ్. చేతితో పట్టుకుని తీస్తే ఫోకల్ లెంగ్త్ ఎంతో షట్టర్ స్పీడ్ కనీసం అంత ఉండాలన్న పాత సూత్రం మీకు తెలిసే ఉంటుంది. క్రాప్ చేసేటప్పుడు కత్తిరించాక వచ్చే ఫోకల్ లెంగ్త్‌తో ఆ లెక్క వేయాలి. 400 మి.మీ.ని 2 రెట్లు క్రాప్ చేయబోతుంటే 1/400 కాదు, కనీసం 1/800. స్టెబిలైజేషన్ ఉంటే చేతి వణుకు తగ్గుతుంది, నిజమే. కానీ పిట్ట కదలికను అది ఆపలేదు.

ఆ కదలిక ఎంత నష్టం చేస్తుందో అంకెల్లో చూడండి. పైన చెప్పిన పిట్ట మీద 16 సెం.మీ.కి 1,400 పిక్సెళ్లు ఉన్నాయి, అంటే మిల్లీమీటర్‌కి 9 పిక్సెళ్లు. పిట్ట తల తిప్పింది, సెకనుకు ఒక మీటర్ వేగంతో అనుకుందాం. మనిషి నిదానంగా నడిచే వేగం అది. 1/500 సెకనులో తల 2 మి.మీ. కదులుతుంది. ఫొటోలో అది 18 పిక్సెళ్ల మసక! కంటిలో మెరిసే తెల్లటి చుక్క గీతలా సాగిపోతుంది. 1/2000 పెడితే అదే మసక 4, 5 పిక్సెళ్లకు దిగుతుంది. అందుకే కూర్చున్న పిట్టకైనా వెలుతురు ఉంటే 1/1000 కంటే తగ్గను, ఎగిరే పిట్టకు 1/2500 దాకా వెళతాను.

తర్వాత ఫోకస్. కంటి మీదే ఉండాలి. కెమెరా పక్షి కన్నును గుర్తించగలిగితే వాడండి, లేకపోతే ఒక్క చిన్న ఫోకస్ పాయింట్‌ను తల మీద పెట్టండి. క్రాప్ చేస్తే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా స్ఫుటంగా కనిపించే లోతు) కూడా తగ్గుతుందని చాలామంది గమనించరు. 400 మి.మీ., ఎఫ్/5.6, 12 మీటర్ల దూరం అయితే పూర్తి ఫ్రేమ్‌లో సుమారు 30 సెం.మీ. లోతు స్ఫుటంగా కనిపిస్తుంది. 2 రెట్లు క్రాప్ చేసి అదే సైజులో చూస్తే అది 15 సెం.మీ.కి తగ్గుతుంది. పూర్తి ఫ్రేమ్‌లో కనిపించని చిన్న ఫోకస్ తప్పు క్రాప్‌లో బయటపడేది ఇందుకే.

ఐఎస్ఓ (పడిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) సంగతి. 2 రెట్ల క్రాప్‌లో సెన్సార్ మీద పడిన వెలుతురులో నాలుగో వంతే మీ ఫొటోలో ఉంటుంది. ఐఎస్ఓ 1600లో తీసిన ఫొటోను అలా క్రాప్ చేస్తే, పూర్తి ఫ్రేమ్‌లో 6400తో తీసినంత నాయిస్ (ఇసుక చల్లినట్టుండే గరుకుదనం) కనిపిస్తుంది. మీ కెమెరాలో 6400 మీకు నచ్చకపోతే, 2 రెట్ల క్రాప్‌కి 1600 దగ్గరే ఆగాలి. అలాగని ఐఎస్ఓ తగ్గించడం కోసం షట్టర్ స్పీడ్ తగ్గించవద్దు. నాయిస్‌ను తర్వాత చాలావరకు తీసేయొచ్చు, కదిలిన ఫొటోను మళ్లీ నిలబెట్టలేం.

రా ఫైల్‌లోనే (సెన్సార్ రికార్డు చేసిన సమాచారమంతా ఉండే ఫైల్) తీయండి. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది, క్రాప్ చేసి పెద్దది చేస్తే ఈకల దగ్గర ఆ గళ్లు, నునుపు చేసిన మరకలు బయటికొస్తాయి. నష్టం లేని కంప్రెషన్ అంటూ మీ కెమెరాలో ఆప్షన్ ఉంటే అది పెట్టుకోండి.

పిట్టను ఫ్రేమ్ మధ్యకు దగ్గరగా ఉంచండి. కూర్పు తర్వాత క్రాప్‌లో చూసుకోవచ్చు. లెన్స్ మధ్య భాగమే బాగా స్ఫుటంగా ఉంటుంది, అంచుల మెత్తదనం, మూలల చీకటి ఎలాగూ కత్తిరింపులో పోతాయి.

ఎండ ముదిరాక నేల నుంచి వేడి లేచి, దూరంలో ఉన్నవన్నీ నీళ్లలోంచి చూసినట్టు అల్లాడుతుంటాయి. అప్పుడు ఏ లెన్స్, ఏ సెన్సార్ ఉన్నా ఫలితం ఉండదు. లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పడకండి, గాలిలోంచి వచ్చిన మసక అది. పొద్దున్నే వెళ్లండి.

కెమెరాలోనే క్రాప్ మోడ్ పెట్టాలా?

ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఏపీఎస్-సి (నికాన్‌లో దాని పేరు డీఎక్స్) క్రాప్ మోడ్ ఉంటుంది, సెన్సార్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. అది పెట్టినా, తర్వాత కత్తిరించినా పిట్ట మీది పిక్సెళ్లు అవే. లాభం ఏమిటంటే మిర్రర్‌లెస్ కెమెరాలో వ్యూఫైండర్ నిండా పిట్ట పెద్దగా కనిపిస్తుంది, ఫోకస్ పెట్టడం సులువవుతుంది, ఫైళ్లు చిన్నవవుతాయి. నష్టం ఏమిటంటే పిట్ట హఠాత్తుగా రెక్క విప్పితే ఆ రెక్క ఫ్రేమ్ బయటికి పోతుంది, ఇక తిరిగి రాదు. కూర్చున్న పిట్టకు నేను క్రాప్ మోడ్ పెడతాను, ఎగిరేలా ఉందనిపిస్తే వెంటనే తీసేస్తాను. ఇందుకోసం చేతికందే బటన్ ఒకటి దీనికే కేటాయించుకున్నాను.

టెలికన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించి ఫోకల్ లెంగ్త్ పెంచే పరికరం) గురించి కూడా అడుగుతుంటారు. 1.4 రెట్లది ఒక స్టాప్ వెలుతురు (అంటే సగం) తినేస్తుంది, 2 రెట్లది రెండు స్టాపులు. మంచి ఎఫ్/2.8 లేదా ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఉండి వెలుతురు బాగుంటే 1.4 కన్వర్టర్ క్రాప్ కంటే మెరుగ్గా ఉంటుంది, పిట్ట మీద నిజంగానే ఎక్కువ పిక్సెళ్లు పడతాయి. మీ జూమ్ చివర్లో ఎఫ్/6.3 అయితే కన్వర్టర్‌తో అది ఎఫ్/9 అవుతుంది, ఆటోఫోకస్ తడబడుతుంది. అక్కడ క్రాపే నయం.

కంప్యూటర్ దగ్గర

మొదట ఏరివేత. ప్రతి ఫొటోనూ 100 శాతంలో, కన్ను దగ్గర మాత్రమే చూడండి. కంటి అంచు గీత, లోపలి తెల్లటి చుక్క స్ఫుటంగా లేకపోతే భంగిమ ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. ఇక్కడ జాలిపడితే తర్వాత గంటలు వృథా అవుతాయి.

మిగిలినవాటిని లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ, మీకు అలవాటైన దేనిలోనైనా తెరిచి ముందు క్రాప్ పెట్టండి. పిట్ట చూస్తున్న వైపు ఎక్కువ జాగా వదలండి. క్రాప్ చేతిలో ఉందని పిట్టతో ఫ్రేమ్ నింపేయాలనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగి, దాని చుట్టూ ఉన్న కొమ్మ, నీళ్లు కూడా ఉంచి చూడండి. చాలాసార్లు కొంచెం వదులుగా ఉన్న క్రాపే బాగుంటుంది, పిక్సెళ్లూ మిగులుతాయి.

తర్వాత నాయిస్ తగ్గించండి. అతిగా చేస్తే గొంతు దగ్గరి సన్నటి ఈకలు మైనం పూసినట్టు నున్నగా అయిపోతాయి. అక్కడ 100 శాతంలో చూస్తూ, ఈకల గీతలు చెరిగిపోవడం మొదలవగానే కాస్త వెనక్కి తగ్గండి. షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) పిట్ట మీదే పడాలి. లైట్‌రూమ్‌లో షార్పెనింగ్ కింద మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని (మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ) జరిపితే, తెల్లగా కనిపించే చోట మాత్రమే షార్పెనింగ్ పడుతుంది. వెనకున్న పచ్చటి మసక నల్లగా మారేదాకా జరపండి, లేకపోతే అక్కడి నాయిస్ కూడా పదునెక్కుతుంది.

క్రాప్ చేశాక పిక్సెళ్లు చాలకపోతే అడోబీ వారి సూపర్ రెజల్యూషన్ లాంటివి ఉన్నాయి. 2021లో కెమెరా రాలో వచ్చిన ఈ సదుపాయం పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చేసి నాలుగు రెట్ల పిక్సెళ్లు ఇస్తుంది. పెద్ద ప్రింట్‌కి నేనూ వాడతాను. ఫొటో ముందే స్ఫుటంగా ఉంటేనే అది బాగా పని చేస్తుంది. మసక ఫొటో ఇస్తే పెద్ద మసక ఫొటో వస్తుంది. లేని ఈకలను ఊహించి గీసే ప్రోగ్రాములతో ఇంకా జాగ్రత్త. పక్షిని గుర్తించడం కోసం ఇచ్చే ఫొటోల్లో, పోటీలకు పంపే ఫొటోల్లో నేను వాటిని అసలు వాడను.

చివర్లో, మొదట తేల్చుకున్న సైజుకే ఎక్స్‌పోర్ట్ చేయండి. క్రాప్‌లో 4,000 పిక్సెళ్ల వెడల్పు ఉండి, ఫొటో ఫోన్‌లో చూసేదే అయితే 2,048కి తగ్గించండి. నాలుగు పిక్సెళ్లు ఒకటిగా కలిసిపోయి నాయిస్ తగ్గుతుంది, కొద్దిపాటి మెత్తదనం కూడా కనిపించకుండా పోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను ఫోన్‌లోకి పంపుకుని, అక్కడ తెరిచి, కంటి దగ్గర ఒకసారి చూసుకోండి. అసలు రా ఫైల్‌ను మాత్రం పూర్తి ఫ్రేమ్‌తో అలాగే ఉంచేయండి. ఆరు నెలల తర్వాత అదే ఫొటోలో ఇంకో క్రాప్ కనిపిస్తుంది, నాకు చాలాసార్లు అలాగే దొరికాయి.